గొంతుకు గొట్టం వేయాలన్నప్పుడు: ఏ పద్ధతి, ఎప్పుడు, ఆ తర్వాత ఎలా చూసుకోవాలి

గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో ఒక ఐసీయూ బయట మీరు వారం రోజులుగా కుర్చీలోనే కునుకు తీస్తున్నారు. లోపల మీ మనిషి నోట్లో గొట్టంతో వెంటిలేటరు మీద ఉన్నారు. ఎనిమిదో రోజునో పదో రోజునో డాక్టరు బయటికి వచ్చి, "గొంతు దగ్గర గొట్టం వేయాలి, సంతకం పెట్టండి" అంటారు. అక్కడున్న బంధువులు తలా ఒక మాట అందుకుంటారు. గొంతు కోస్తారట అని ఒకరు, ఇక మాట రాదట అని ఇంకొకరు, అది వేశారంటే ఆశ వదులుకున్నట్లేనని మూడో మనిషి. హైదరాబాదు నుంచి మేనమామ ఫోను చేసి, "కత్తి పెట్టనివ్వకండి. సూదితో చేసే కొత్త పద్ధతి ఉందట, అదే చేయమనండి" అంటాడు.

నేను మత్తు డాక్టరును. ట్రాకియాస్టమీ, అంటే గొంతు దగ్గర శ్వాసనాళంలోకి గొట్టం వేసే పని, చేసేటప్పుడు రోగి తల దగ్గర నిలబడి నోటి గొట్టాన్ని పట్టుకుని ఉండే మనిషిని. కత్తి పట్టేవారి చేతులు, సూది పట్టేవారి చేతులు రెండూ ఏళ్ల తరబడి పక్కనుంచి చూశాను. ఆ మేనమామ అడిగిన ప్రశ్న తప్పేమీ కాదు. కానీ ఆ ప్రశ్నకు జవాబు మీకు నిజంగా పనికివచ్చే సమయం సంతకం పెట్టేటప్పుడు కాదు, ఆ తర్వాతి పది రోజులు. అది ఎందుకో వరుసగా చెబుతాను.

మొదట: ఎందుకో అడగండి

గొంతు మీద ముందుకు కనిపించే ముడి ఉంటుంది కదా, స్వరతంతువులు దాని వెనుక ఉంటాయి. ట్రాకియాస్టమీ చేసేది దానికి కింద, శ్వాసనాళం ముందు గోడలో. శ్వాసనాళం ఒకదాని కింద ఒకటిగా మృదులాస్థి ఉంగరాలతో ఉంటుంది, గొట్టం పెట్టేది సాధారణంగా రెండో ఉంగరానికీ నాలుగో ఉంగరానికీ మధ్య. కాబట్టి మాటను కోసేయడం అనేది లేదు. గాలి స్వరతంతువుల దాకా పోకుండా కిందనుంచే బయటికి వెళ్లిపోతుంది కనుక గొట్టం ఉన్నన్నాళ్లు గొంతు పలకదు, అంతే.

నిజానికి స్వరతంతువులను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇప్పుడు నోట్లో ఉన్న గొట్టమే. అది వాటి మధ్యనుంచే దిగి, రాత్రీ పగలూ రాసుకుంటూ ఉంటుంది. దాన్ని ఓర్చుకోవడానికి మత్తు మందు ఎక్కువ ఇవ్వాలి, మత్తు ఎక్కువైతే కండరాలు ఇంకా నీరసపడతాయి. గొట్టం గొంతులోకి మారితే మత్తు తగ్గించవచ్చు, నోరు శుభ్రం చేయవచ్చు, మనిషిని కూర్చోబెట్టవచ్చు, వెంటిలేటరును రోజుకు కొన్ని గంటలు తీసి చూడవచ్చు. ఇది తెచ్చే లాభం ఇదే. మెదడులో రక్తం గడ్డకడితే దాన్ని ఇది కరిగించదు, పాడైన ఊపిరితిత్తిని బాగుచేయదు.

అందుకే డాక్టరును మొదట అడగవలసినది పద్ధతి గురించి కాదు. "డాక్టరుగారూ, ఇది ఎందుకు వేస్తున్నారు? వెంటిలేటరు ఇంకా ఎన్నాళ్లు అవసరం అనుకుంటున్నారు?" అని అడగండి. పల్నాడు పత్తి చేల నుంచి పురుగుమందు తాగి వచ్చిన కుర్రవాడికి శ్వాస కండరాలు కోలుకోవడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. కోలుకున్నాక గొట్టం తీసేసి ఇంటికి నడిచి వెళతాడు. జాతీయ రహదారి మీద మోటారు సైకిలు పడి తలకు దెబ్బ తగిలిన మనిషికి ఊపిరి బాగానే ఉన్నా, కఫాన్ని దగ్గి బయటికి తెచ్చుకునే తెలివి రావడానికి నెలలు పట్టవచ్చు. ఎనభై ఏళ్ల పెద్దాయనకు పెద్ద పక్షవాతం వచ్చి, కోలుకునే ఆశ బాగా తక్కువ ఉన్నప్పుడు ప్రశ్న వేరు: గొట్టం వేసి ఏమి సాధిస్తాం, ఆయనే చెప్పగలిగితే ఏమనేవారు? ఇది అడగడానికి మొహమాటపడకండి. అడిగితే డాక్టరుకు కోపం వస్తుందని అనుకుంటారు గాని, మాలో చాలామందికి ఊరటే కలుగుతుంది.

ఎప్పుడు వేయించాలి

ఈ విషయంలో మనకు గట్టి ఆధారాలున్నాయి, కాబట్టి బంధువుల మాటల కన్నా వాటిని నమ్మండి. బ్రిటన్‌లో ట్రాక్‌మ్యాన్ అనే పెద్ద పరిశోధన 909 మంది ఐసీయూ రోగులను రెండు వర్గాలుగా విడదీసింది. ఒక వర్గానికి మొదటి 4 రోజుల లోపే ట్రాకియాస్టమీ, రెండో వర్గానికి 10 రోజులు ఆగి, అప్పటికీ అవసరమైతేనే. ఫలితాలు 2013లో వచ్చాయి. 30 రోజులకు మరణాలు తొందరపడిన వర్గంలో 30.8 శాతం, ఆగిన వర్గంలో 31.5 శాతం. అంటే తేడా లేనట్లే. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచినది మరొకటి: ఆగిన వర్గంలో సగం మందికి పైగా చివరికి ట్రాకియాస్టమీ చేయవలసిన అవసరమే రాలేదు. పక్షవాతం వచ్చిన 382 మంది మీద చేసి 2022లో వెలువరించిన మరో పరిశోధనలోనూ, 5 రోజుల లోపు వేసినందువల్ల ఆరు నెలల తర్వాతి స్థితిలో మేలేమీ కనిపించలేదు.

కాబట్టి మూడో రోజునే "వెంటనే సంతకం పెట్టండి" అంటే, ఎందుకింత తొందర అని అడిగే హక్కు మీకుంది. దానికి సరైన కారణాలూ ఉంటాయి: ముఖం, దవడ ఛిద్రమైన ప్రమాదాలు, గొంతులో గడ్డ అడ్డుపడడం, మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోవడం. గాలిదారి మూసుకుపోతున్న మనిషికి రోజులు కాదు, నిమిషాలు లెక్క. మిగిలినవారికి సుమారు వారం, పది రోజులు చూసి నిర్ణయించడం మామూలు.

అమావాస్య దాటనివ్వమని అడిగేవారు నాకు నెలకు ఒకరైనా ఎదురవుతారు. ముందుగా అనుకుని చేసేదే అయితే ఒక రోజు ఆగినందువల్ల నష్టం ఉండదని, సరేనంటాను. ఏడ్చి ఏడ్చి ఉన్న తల్లితో తిథుల గురించి వాదించడం నా పని కాదు. అమావాస్య పోయాక మంగళవారం, అది పోయాక ఇంకేదో అంటూ వారాలు జరిపితే మాత్రం ఒప్పుకోను.

పద్ధతులు: కత్తి, సూది

మొదటిది శస్త్రచికిత్స పద్ధతి. దాన్ని ఒక క్రమంలో పెట్టినవాడు అమెరికా గొంతు వైద్యుడు షెవాలియర్ జాక్సన్, 1909లో. మెడ ముందు రెండు మూడు సెంటీమీటర్ల గాటు పెడతారు. కండరాలను కోయకుండా మధ్యలో పక్కకు తప్పిస్తారు. థైరాయిడ్ గ్రంథి నడుమ భాగం అడ్డు వస్తే పైకి నెడతారు, లేదా కోసి కుట్లు వేస్తారు. అప్పుడు శ్వాసనాళం తెల్లగా, ఉంగరాలతో కంటికి ఎదురుగా కనిపిస్తుంది. దాన్ని తెరిచి గొట్టం పెడతారు. తెరిచిన అంచులకు దారాలు కట్టి, వాటి చివరలను చర్మం మీద అతికించి ఉంచే అలవాటు చాలామందికి ఉంది. ఆ దారాల విలువ కింద చెబుతాను. ఇది ఆపరేషన్ థియేటరులోనే చేయాలన్న నియమం లేదు, మంచి వెలుతురు, సరంజామా ఉంటే ఐసీయూ మంచం మీదే చేస్తారు.

రెండోది సూదితో మొదలయ్యే డైలేటరు పద్ధతి. డైలేటరు అంటే రంధ్రాన్ని సాగదీసే పరికరం. అమెరికాలో ఛాతీ శస్త్రవైద్యుడు సియాలియా దీన్ని 1985లో ప్రకటించాడు. అంటే మేనమామ చెప్పిన ఆ "కొత్త పద్ధతి"కి నలభై ఏళ్లు. మేము నోటి గొట్టాన్ని కొంచెం పైకి లాగి పట్టుకుంటాం. చర్మం మీద చిన్న గాటు పెట్టి, సెలైన్ నింపిన సిరంజితో శ్వాసనాళంలోకి సూది దించుతారు. సిరంజిలో గాలి బుడగలు వస్తే సూది సరైన చోటికి చేరినట్లు. సూది గుండా సన్నని తీగ దించి, సూది తీసేసి, తీగ మీదుగా రంధ్రాన్ని సాగదీసి, గొట్టం జొప్పిస్తారు. ముగ్గులో గీత పడేది ముందు పెట్టిన చుక్కను బట్టే కదా, ఇక్కడ ఆ చుక్క సూది. అది నడిమికి పడితే మిగిలినదంతా సాఫీగా సాగుతుంది, పక్కకు పడితే ఆ తర్వాత చేసేదంతా పక్కకే పోతుంది.

సాగదీసే తీరును బట్టి దీనిలోనే రకాలున్నాయి. సియాలియా మొదట్లో చిన్నదాని తర్వాత పెద్దది చొప్పున వరుసగా డైలేటర్లు వాడాడు. ఆ తర్వాత కొమ్ములా వంపు తిరిగి, కొన దగ్గర సన్నగా, పైకి పోనుపోను లావుగా ఉండే ఒకే డైలేటరు వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా వాడేది అదే, నా ఓటూ దానికే. గ్రిగ్స్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు 1990లో తీగ మీదుగా పోయే పటకారు పెట్టాడు. పని చాలా త్వరగా అవుతుంది, కానీ ఎంత సాగదీస్తున్నామన్నది పూర్తిగా ఆ చేతి అంచనా మీదే ఆధారపడుతుంది. స్క్రూలా తిప్పుతూ లోపలికి పంపేది ఒకటి, బుడగ ఊది సాగదీసేది ఒకటి ఉన్నాయి. ఇటలీలో ఫాంటోని లోపలినుంచి బయటికి గొట్టాన్ని లాగే పద్ధతి కనిపెట్టాడు. చదవడానికి తమాషాగా ఉంటుంది, మన దగ్గర మీకు తారసపడకపోవచ్చు. ఈ పేర్లన్నీ గుర్తుపెట్టుకోవలసిన పని మీకు లేదు.

రెండింటిలో ఏది మంచిది? 2016లో వచ్చిన ఒక సమీక్ష, 20 పరిశోధనల్లోని 1,652 మంది రోగుల వివరాలను కలిపి చూసింది. గాయంలో చీము పట్టడం డైలేటరు పద్ధతిలో శస్త్రచికిత్స పద్ధతితో పోలిస్తే నాలుగో వంతే. వికారమైన మచ్చ పడడమూ తక్కువే. రంధ్రం బిగుతుగా ఉండి, గొట్టం చుట్టూ ఖాళీ మిగలకపోవడం దీనికి కారణం. ప్రాణానికి సంబంధించి మాత్రం రెండింటికీ తేడా కనిపించలేదు. మామూలు మెడ ఉన్న ఐసీయూ రోగికి, అలవాటైన చేతులుంటే, మంచం దగ్గరే డైలేటరు పద్ధతిలో చేయించడానికి నేను మొగ్గు చూపుతాను. వెంటిలేటరు మీదున్న మనిషిని, నాలుగు మందుల పంపులతో సహా, లిఫ్టులో థియేటరుకు తీసుకుపోయి తిరిగి తేవడం కూడా ఒక ప్రమాదమే. ఆ ప్రయాణం తప్పుతుంది.

అయితే అన్ని మెడలూ మామూలు మెడలు కావు. కింది సందర్భాల్లో కత్తి పద్ధతిదే పైచేయి:

- చిన్న పిల్లలు. వారి శ్వాసనాళం మెత్తగా, సన్నగా ఉంటుంది. సూది వెనుక గోడను సులభంగా చీల్చేస్తుంది.
- పొట్టిగా, లావుగా ఉండి వేలితో తడిమితే ఉంగరాలు తగలని మెడ.
- థైరాయిడ్ గడ్డ, పాత ఆపరేషన్ మచ్చ, రేడియేషన్ వల్ల బిగిసిన చర్మం.
- మెడ వెన్నుపూస విరిగి, తలను వెనక్కి వంచడానికి వీల్లేనివారు.
- సూది దించే దారిలో రక్తనాళం కొట్టుకుంటున్నట్లు వేలికో, అల్ట్రాసౌండుకో తెలిసినప్పుడు.

ప్లేట్‌లెట్లు 50,000 కన్నా తక్కువ ఉన్నా, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ 1.5 దాటినా ముందు వాటిని సరిచేస్తారు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని, వెంటిలేటరు ఇచ్చే గాలిలో ఆక్సిజన్ 80, 90 శాతం పెట్టవలసి వస్తుంటే ఏ పద్ధతీ వద్దు, ఆగడమే మంచిది.

ఈ జాబితా పట్టుకుని డాక్టరుతో వాదించమని కాదు. "ఈ మెడకు ఏది నప్పుతుంది, ఎందుకు?" అని అడగండి. నిమిషంలో జవాబు వస్తుంది.

సంతకానికి ముందు

నాలుగు సంగతులు తెలుసుకోండి. చేసేది ఎవరు, వారికి ఏ పద్ధతి బాగా అలవాటు? ఏడాదిలో రెండు సార్లు సూది పద్ధతి చేసే డాక్టరు కన్నా, వారానికి రెండు సార్లు కత్తి పద్ధతి చేసే చెవి ముక్కు గొంతు డాక్టరు మీ మనిషికి క్షేమం. రెండోది, తల దగ్గర గాలిదారిని కాపాడడానికి వేరే డాక్టరు ఉంటారా? ఇది నా ఉద్యోగం కాబట్టి చెప్పడం లేదు. అసలు ప్రమాదం నోటి గొట్టం పైకి లాగినప్పుడే మొదలవుతుంది, దాన్ని చూసేవారు ఒకరు విడిగా ఉండాలి. మూడోది, సూది పద్ధతి అయితే బ్రాంకోస్కోపుతో, అంటే శ్వాసనాళంలోకి దించే సన్నని కెమెరా గొట్టంతో, లోపలినుంచి చూస్తూ చేస్తారా, లేక అల్ట్రాసౌండుతో మెడను చూసి చేస్తారా? నాలుగోది, రక్తం పలచబరిచే మందులు ఏమి వాడుతున్నారో గుర్తుచేయండి. గుండెకు స్టెంటు వేసి ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి, ఆ కాగితాలు ఇంటి బీరువాలో ఉండిపోతాయి.

డబ్బు సంగతి క్లుప్తంగా. సూది పద్ధతిలో కిట్టుకు ఖర్చు, కత్తి పద్ధతిలో థియేటరుకు ఖర్చు, కలిపి ఎంతవుతుందో రెండూ అడగండి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేరినవారు కిట్టు, గొట్టం ప్యాకేజీలోనే వస్తాయో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి, తర్వాత కాదు. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు రెండూ వైద్య కళాశాలలకు అనుబంధమైనవే, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. డబ్బు దగ్గర చిక్కు వస్తే దాచుకుని రోజులు గడపకండి, మార్చే వీలుందేమో అడగండి.

వేసిన రోజు: ఒక కాగితం రాయించుకోండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

కొన్నేళ్ల కిందట ఒక రైతును ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి అంబులెన్సులో మారుస్తున్నారు. ట్రాకియాస్టమీ చేసి నాలుగు రోజులైంది. దారిలో ఎక్కడో కుదుపుకు గొట్టం జారింది. వెంట ఉన్న కుర్రవాడు కంగారులో దాన్నే తిరిగి లోపలికి నెట్టాడు. అది శ్వాసనాళంలోకి కాకుండా దాని ముందున్న మెత్తని కండలోకి పోయింది. వెంటిలేటరు కొట్టిన గాలంతా చర్మం కిందికి చేరింది. మా దగ్గరికి వచ్చేసరికి మెడ, ముఖం పూరీలా ఉబ్బి ఉన్నాయి, వేలితో నొక్కితే మరమరాలు నలిగినట్లు చప్పుడు. నేను ఆయన బావమరిదిని అడిగాను.

"ఏ పద్ధతిలో వేశారు బాబూ? ఎప్పుడు వేశారు?"

"గొంతులో గొట్టం వేశారండి. అంతకన్నా నాకు తెలియదండి."

వెంట వచ్చిన కాగితాల్లో మందుల చీటీలు, స్కానులు అన్నీ ఉన్నాయి. ఆ రెండు సంగతులే లేవు. గొంతు గొట్టం తీసేసి, పాత దారిలోనే, నోటి గుండా మళ్లీ గొట్టం వేశాం. బతికాడు.

రెండు పద్ధతుల మధ్య మీకు పనికివచ్చే తేడా ఇక్కడ ఉంది. శస్త్రచికిత్సలో చర్మం నుంచి శ్వాసనాళం దాకా కోసి తెరిచిన దారి ఉంటుంది. గొట్టం జారినా కట్టి ఉంచిన దారాలను లాగితే నాళం పైకి వచ్చి నోరు తెరుస్తుంది. అయిదారు రోజుల్లో దారి ఒక మాదిరిగా గట్టిపడుతుంది. డైలేటరు పద్ధతిలో కండను కోయలేదు, సాగదీశారంతే. గొట్టం బయటికి వస్తే ఆ దారి రబ్బరులా ముడుచుకుపోతుంది. అది నిలదొక్కుకోవడానికి కనీసం 7 నుంచి 10 రోజులు పడుతుంది. బిగుతుగా ఉండడం వల్ల చీము పట్టదని పైన చెప్పానే, అదే బిగుతు ఈ పది రోజులూ ఎదురు తిరుగుతుంది. ఆ గడువు లోపు గొట్టం ఊడితే మెడలో గుడ్డిగా నెట్టకూడదు, నోటినుంచి గాలి అందించి, నోటి గొట్టం వేయాలి. మొదటిసారి గొట్టం మార్చడం కూడా ఆ గడువు దాటాకే.

బ్రిటన్‌లో ఇటువంటి రోగి మంచం తల దగ్గర ఆకుపచ్చ కాగితం ఒకటి అంటిస్తారు. స్వరపేటిక మొత్తం తీసేసినవారికి ఎర్ర కాగితం, ఎందుకంటే వారికి నోటినుంచి గాలి ఇచ్చినా ఊపిరితిత్తులకు చేరదు. మన దగ్గర అది లేకపోతే మీరే ఒక తెల్ల కాగితం మీద డాక్టరుచేత రాయించండి: వేసిన తేదీ, ఏ పద్ధతి, గొట్టం సైజు ఎంత, కట్టు దారాలు ఉన్నాయా లేవా, నోటి గుండా గొట్టం వేయడం ఈ మనిషికి సులభమా కష్టమా. ఒకటి మంచం దగ్గర అంటించండి, ఒకటి ఫోటో తీసి ఫోనులో పెట్టుకోండి. ఆసుపత్రి మారితే అంబులెన్సు ఎక్కే ముందే అందులోని మనిషికి చూపించండి.

మొదటి వారంలో మీరు గమనించవలసినవి: పక్కకు తిప్పేటప్పుడు వెంటిలేటరు పైపు బరువు గొట్టం మీద వేలాడుతోందా, మెడ చుట్టూ కట్టిన పట్టీ సరిగా ఉందా (పట్టీకీ మెడకూ మధ్య ఒక వేలు మాత్రమే దూరాలి), మెడ వాస్తోందా. గొట్టం చుట్టూ కొద్దిగా రక్తం చెమ్మ మొదటి రోజు మామూలే. కొన్ని రోజులు గడిచాక, ముఖ్యంగా మొదటి మూడు నాలుగు వారాల్లో, గొట్టంలో నుంచి అకస్మాత్తుగా ఎర్రని తాజా రక్తం వచ్చి దానంతట అదే ఆగితే, ఆగిందిగా అని ఊరుకోవద్దు. గొట్టం ఒరిపిడికి పెద్ద రక్తనాళం చిట్లబోయే ముందు ఇలా జరగవచ్చు. చాలా అరుదు, కానీ ఆ కొద్ది రక్తమే మనకు దొరికే గడువు.

కఫ్, కఫం, సక్షన్

గొట్టం కింది కొసన చిన్న బుడగ ఉంటుంది, దాన్ని కఫ్ అంటారు. నర్సమ్మ "కఫ్ తీసేశాను" అంటే కఫం తీసిందని సంతోషించినవారు ఉన్నారు. రెండూ వేరు. బుడగలో ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య ఉండాలి. దానికి కొలిచే మీటరు ఉంటుంది. వేళ్లతో నొక్కి చూసి "బాగానే ఉంది" అనడం కొలత కాదు. ఎక్కువైతే నాళం గోడకు రక్తం అందక పుండు పడి, నెలల తర్వాత అక్కడే సన్నబడిపోతుంది.

ఇంటికి పంపే ముందు కఫం తీయడం ఇద్దరు నేర్చుకోండి. ఒకరే నేర్చుకుంటే ఆ ఒకరికి జ్వరం వచ్చిన రోజు ఇబ్బంది. చేతులు కడుక్కోవాలి. సక్షన్ పైపు గొట్టం లోపలి వెడల్పులో సగానికి మించకూడదు, 8 సైజు గొట్టానికి 12 సైజు పైపు సరిపోతుంది (రెండింటి సైజుల కొలతలు వేరు). లోపలికి పంపేటప్పుడు పీల్చనివ్వకండి, వెనక్కి తెచ్చేటప్పుడే పీల్చనివ్వండి. 10, 15 సెకన్లలో బయటికి రావాలి. తేలికైన ఉపాయం ఒకటి: మీరూ ఊపిరి బిగపట్టండి, మీకు ఇబ్బందిగా అనిపించేసరికి పైపు బయట ఉండాలి. గంటకోసారి అని లెక్క పెట్టుకోవద్దు, గురగుర వినిపించినప్పుడు తీయండి. ప్రతిసారీ సెలైన్ చుక్కలు వేయడం అవసరం లేదు. గొట్టానికి లోపలి గొట్టం విడిగా ఉంటే రోజూ తీసి కడగండి. కఫం గట్టిపడి ఊపిరి ఆడనప్పుడు మొట్టమొదట తీయవలసినదీ అదే.

సక్షన్ యంత్రం సర్జికల్ దుకాణాల్లో దొరుకుతుంది, అద్దెకు ఇచ్చేవారూ ఉంటారు. బ్యాటరీ మీద నడిచేదో, కాలితో తొక్కేదో తీసుకోండి. మే నెలలో గాలివాన వచ్చి కరెంటు పోయిన రాత్రి ఆ మాట ఎందుకన్నానో తెలుస్తుంది.

ఇంట్లో

ముక్కు చేసే పని, అంటే గాలిని వడకట్టి తడి చేయడం, ఇప్పుడు జరగదు. అందుకని గొట్టం మూతికి తేమను పట్టి ఉంచే ఫిల్టరు పెట్టాలి. ఏసీ గదిలో కఫం ఇంకా త్వరగా ఎండుతుంది. మన ఇళ్లలో అంతకన్నా పెద్ద శత్రువు ఘాటు. మిరపకాయల తిరగమోత వేసేటప్పుడు వంటింటి తలుపు మూయండి. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఉండేవారైతే పంట వచ్చే నెలల్లో కిటికీలు మూసి, గొట్టం ముందు తడిపి పిండిన పలుచని గుడ్డ వదులుగా వేలాడదీయండి. సాంబ్రాణి, అగరుబత్తి ఆ గదిలో వద్దు. మెడకు పౌడరు రాయకండి. అన్నిటికీ మించి, ఆసుపత్రి నుంచి రాగానే గుమ్మంలో దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసే అలవాటు ఉందే, ఆ ఒక్కటి మానండి. దిష్టి తీయకుండా ఉండలేమంటే ఉప్పుతో తీయండి.

నోటితో ఏమీ ఇవ్వవద్దని చెప్పి ఉంటే ఇంద్రకీలాద్రి నుంచి తెచ్చిన తీర్థమైనా ఇవ్వవద్దు. తల మీద చల్లండి. మింగడం సరిగా లేని మనిషికి ఒక చెంచా నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. రైల్స్ ట్యూబులో, అంటే ముక్కు గుండా కడుపులోకి వేసిన ఆహారపు గొట్టంలో, పోసేటప్పుడు తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచి, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచండి.

తలదిండు పక్కన ఒక సంచి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి: అదే సైజు గొట్టం ఒకటి, ఒక సైజు తక్కువది ఒకటి, మెడ పట్టీ, కత్తెర, జెల్లీ, సక్షన్ పైపులు, ఆ కాగితం. దారి గట్టిపడ్డాకే ఇంటికి పంపుతారు కాబట్టి ఇంట్లో గొట్టం ఊడితే ఆసుపత్రిలో మీచేత చేయించి చూపించినట్లే చేయండి. భుజాల కింద తువ్వాలు మడిచి పెట్టి, కొత్త గొట్టానికి జెల్లీ రాసి, కిందికి వంపుగా పోనివ్వండి. వెళ్లకపోతే చిన్న సైజుది ప్రయత్నించండి. అదీ వెళ్లకపోతే బలవంతం చేయవద్దు. మనిషి ఊపిరి తీసుకుంటుంటే రంధ్రం దగ్గర ఆక్సిజన్ పట్టుకుని 108కి ఫోను చేయండి. ఊపిరి ఆగితే రంధ్రాన్ని చేత్తో మూసి నోటినుంచి గాలి ఇవ్వాలి. ఇది కూడా ఇంటికి వచ్చే ముందే నేర్పమని అడగండి, ఫోనులో నేర్చుకునేది కాదు.

తీసే రోజు

కఫం తగ్గి, సొంతంగా బలంగా దగ్గుతూ, ఉమ్మి మింగగలిగితే గొట్టం తీసే ఆలోచన మొదలవుతుంది. ముందు కఫ్‌లో గాలి తీస్తారు. గాలిని లోపలికి మాత్రమే పోనిచ్చి, బయటికి స్వరతంతువుల గుండా పంపి మాట రప్పించే కవాటం పెట్టే ముందు కఫ్ ఖాళీగా ఉందో లేదో ప్రతిసారీ చూడాలి. నిండుగా ఉంటే లోపలికి వెళ్లిన గాలికి బయటికి వచ్చే దారి ఉండదు. గొట్టాన్ని చిన్న సైజుకు మార్చో, మూత పెట్టో ఒకటి రెండు రోజులు చూస్తారు. మూత పెట్టగానే ఆయాసం వస్తే నాళం సన్నబడిందేమో లోపల చూస్తారు.

తీశాక కుట్లు వేయరు. మడిచిన గాజుగుడ్డ పెట్టి ప్లాస్టరు అంటిస్తారు, చాలామందికి వారం, రెండు వారాల్లో రంధ్రం దానంతట అదే పూడుతుంది. అప్పటిదాకా మాట్లాడినా దగ్గినా గాలి ఆ గుడ్డ కిందనుంచి చీదుతుంది, మాట బొంగురుగా, తెగితెగి వస్తుంది. రెండు వేళ్లతో గుడ్డను మెత్తగా నొక్కి పట్టుకుని మాట్లాడమనండి. మొదట అంకెలు లెక్కపెట్టించడం మా అలవాటు. ఆ రైతు మాత్రం మూడు దాకా లెక్కపెట్టి ఆపేసి, గేదె ఈనిందా అని అడిగాడు.